నిండుకుంది

గోదావరి డెల్టాలో ఒక కాలువ, కాలువ మీద లాకులు, లాకులకు కూతవేటు దూరంలో ఒక మండువా లోగిలి. అనగనగా అని మొదలుపెట్టుకోదగినంత పాత ఇల్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల్లో నీళ్ళతో పాటు పడవలూ నడవడం మొదలయ్యాక ఆ ఇంటివాళ్ళు పూటకూళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. పడవ లాకుల్లోకి వచ్చిందంటే ఎగువ నీరూ దిగువ నీరూ ఒక మట్టానికి వచ్చేదాకా కదలదు. ముందు మరో రెండు పడవలుంటే ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యంలో ప్రయాణికులు గట్టెక్కి, కాళ్ళు కడుక్కుని, ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్ళు. మలుపులో పడవవాడి కేక వినబడగానే లోపల ఎసట్లో బియ్యం పడేవి.

ఆ ఇంట్లో వంటల పట్టీ అంటూ ఉండేది కాదు. వంటింటి వెనక తలుపు తీస్తే అరెకరం పెరడు. పెరటి కంచె దాటితే మూడెకరాల మాగాణి. పాకలో రెండు పాడి గేదెలు. పొద్దున్న ఆ వెనక తలుపులోంచి ఏది లోపలికి వస్తే, మధ్యాహ్నం విస్తట్లోకి అదే వచ్చేది. పుష్యమాసంలో దిగిన ప్రయాణికుడికి చిక్కుడుకాయ కూర. ఫాల్గుణంలో దిగినవాడికి ఆవ పెట్టిన పనసపొట్టు. చైత్ర వైశాఖాల్లో చింతచిగురు పప్పు. శ్రావణంలో వాక్కాయ పప్పు. కార్తీకం దాటితే కందా బచ్చలీ. సార్వా కోతలప్పుడు ఆ మాగాణిలోనే చల్లిన పెసరా మినుమూ సంక్రాంతి వెళ్ళాక ఇంటికి చేరేవి. ఏడాది పొడుగునా పప్పు అదే. ఎండాకాలం కాలువలు కట్టేస్తే పడవలుండవు. ఆ రోజుల్లోనే ఆవకాయలు కలపడం, మాగాయ ముక్కలు ఎండబెట్టడం, వడియాలు పెట్టడం, చింతపండు గింజ తీసి కుండల్లో దాచడం. పొయ్యి చల్లగా ఉన్న రోజుల్లో కూడా ఆ ఇల్లు ముందు రోజుల కోసం పనిచేస్తూనే ఉండేది.

ఆ ఇంట్లో ఒక మాట నిషిద్ధం. అది "లేదు" అనే మాట. బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. నూనె నిండుకుంది, పెరుగు నిండుకుంది. తెలుగిళ్ళన్నింటిలోనూ ఉన్న అలవాటే ఇది. కాకపోతే పూటకూళ్ళ ఇంట్లో ఆ మాట రోజూ అవసరమయ్యేది. ఆఖరి పడవలో వచ్చి ఆఖరి పంక్తిలో కూర్చున్నవాడి దగ్గరికి ఆ ఇల్లాలు స్వయంగా వచ్చి, "కూర నిండుకుంది నాయనా. పచ్చడుంది, పెరుగుంది. కడుపునిండా తినండి" అనేది. ఎవరూ చిన్నబుచ్చుకునేవాళ్ళు కాదు. ఎదుటి పంక్తిలో ఆ కూర తిన్నవాళ్ళు ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉండేవాళ్ళు. దాచిపెట్టి లేదన్న అనుమానానికి అక్కడ చోటే లేదు.

కొన్నాళ్ళకు రోడ్లు పడ్డాయి, వంతెనలు లేచాయి, బస్సులొచ్చాయి. పడవలు ఆగిపోయాయి. లాకుల తలుపులు తుప్పు పట్టాయి. పూటకూళ్ళు మానేసినా ఇల్లు మిగిలింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి, అత్తగారి చేతి కింద వంట నేర్చుకున్న ఒక ముసలామె మిగిలింది. పెరడూ మాగాణీ చూసుకునే పాలికాపు మిగిలాడు.

ఇదిలా ఉండగా ఆమె మనవడు పట్నంలో హోటలు చదువు చదివి, పెద్ద పెద్ద హోటళ్ళలో పనిచేసి, ఇంటికి తిరిగొచ్చాడు. మంచి కుర్రవాడు, కష్టపడే మనిషి. పూర్వీకుల ఇల్లంటే ప్రాణం. అప్పు చేసి పైకప్పు పెంకులు మార్పించాడు. టేకు స్తంభాలకు పట్టిన మకిలి తనే గీకి నూనె రాశాడు. మండువాలో బల్లలు వేయించాడు. గుమ్మం మీద పెద్ద బోర్డు పెట్టాడు: "మా పెరటి నుంచి మీ విస్తరికి."

మొదటి ఏడాది ఆ బోర్డు నిజమే చెప్పింది. పెరట్లో ఏముంటే అదే వండాడు. కాలువ గాలీ, పాత ఇల్లూ, మామ్మ చేతి పోపూ కలిసి జనాన్ని లాక్కొచ్చాయి. రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి కార్లు వచ్చేవి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన పిల్లలు అరుగు మీద కూర్చుని ఫొటోలు తీసుకునేవాళ్ళు.

జనం పెరిగే కొద్దీ అడగడమూ పెరిగింది. వైశాఖంలో వచ్చినాయన గుత్తివంకాయ కావాలన్నాడు. భాద్రపదంలో వచ్చినావిడ పనసపొట్టు కూర కోసమే ఇంత దూరం వచ్చానంది. లేదని చెబితే వాళ్ళ ముఖాలు ముడుచుకుపోయేవి. ఆ ముడుచుకున్న ముఖాలు ఆ కుర్రవాడికి రాత్రిళ్ళు నిద్రలో కనిపించేవి. అప్పు వాయిదాలు కూడా కనిపించేవి.

ఒకరోజు, ఈ ఒక్కసారికే అనుకుని, బజారు నుంచి వంకాయలు తెప్పించాడు. తిన్నవాళ్ళు మెచ్చుకున్నారు. రెండోసారి తెప్పించడానికి అంత ఆలోచన అవసరం కాలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఒక వ్యాను వెనక సందులోకి వచ్చి ఆగేది. అందులో కోల్డ్ స్టోరేజీ బఠాణీలు, మదనపల్లె టమాటాలు, ఏ ఊరివో తెలియని ములక్కాడలు, ఐసుపెట్టెలో గడ్డకట్టిన చింతచిగురు. వంటల పట్టీ అచ్చయింది. నలభై రెండు రకాలు, పన్నెండు నెలలూ అవే. గుమ్మం మీద బోర్డు మాత్రం మారలేదు.

వెనక తలుపులోంచి రోజూ ఒక గంప లోపలికి వచ్చేది. పాలికాపు తెచ్చిన గంప. ఆ భాద్రపదంలో సొరపాదు విరగకాసింది. గంపలో తొమ్మిది సొరకాయలు, ఇంకా గోరు దిగేంత లేతవి. ఒక్కొక్క దాని మీద తెల్లటి నూగు, ఆ నూగు మీద మంచు తడి.

"సొరకాయ ఎవరూ అడగట్లేదు తాతా. రెండుంచి మిగతావి తీసుకెళ్ళు" అన్నాడు కుర్రవాడు.

పాలికాపు మాట్లాడలేదు. ఏడు సొరకాయలూ పాకలోకి మోసుకెళ్ళి గేదెల ముందు వేశాడు. మరుసటి రోజు గంపలో అయిదే ఉన్నాయి. ఆ మరుసటి వారం గంప రాలేదు. పాదు ఎండిపోతే పీకేశాడు, మళ్ళీ గింజ పెట్టలేదు. ఒకనాటి సాయంత్రం వచ్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, వ్యానొత్తంది గదండి. పెరటితో మనకింక పనేవుందండి? పక్కోళ్ళంతా చేపల చెరువులకిచ్చేత్తన్నారు. మాగాణీ పెరడూ కలిపి మనవూ ఇచ్చేత్తే ఏడాదికింతని కౌలొత్తాదండి."

కుర్రవాడికి ఆ లెక్క బాగానే కనిపించింది. ఆలోచిద్దాం అన్నాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని ఉలవలు చెరుగుతున్న మామ్మ చేట దించి మనవడి వంక చూసింది. ఏమీ అనలేదు. మళ్ళీ చేట ఎత్తుకుంది.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. ఒక రాత్రీ ఒక పగలూ గాలి ఆగలేదు. కొబ్బరిచెట్లు రోడ్డుకు అడ్డంగా పడ్డాయి, కాలువకు గండి పడింది, కరెంటు పోయింది. వ్యాను రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. ఐసుపెట్టెలో ఉన్నది కరిగి నీరైపోయింది. చింతచిగురు ముద్ద నల్లబడి వాసన వేస్తే గోతిలో వేసి కప్పెట్టారు.

మూడోనాడు మధ్యాహ్నం కాలువ గట్టున ఒక బస్సు ఆగింది. కార్తీక స్నానాలకు బయల్దేరి, రెండు రోజులుగా దారిలో చిక్కుకుపోయిన నలభై మంది. ముసలివాళ్ళున్నారు, చంకల్లో పిల్లలున్నారు. గుమ్మం మీది బోర్డు చూసి లోపలికి వచ్చారు.

కుర్రవాడు వంటింట్లోకి పరిగెత్తాడు. "మామ్మా, ఏం చెప్పను? అన్నీ నిండుకున్నాయని చెప్పెయ్యనా?"

"ఆ మాట అనకు" అంది మామ్మ. ఆమె గొంతు అంత కరుగ్గా ఉండగా అతను ఎన్నడూ వినలేదు. "నిండుకుంది అనాలంటే ముందు ఒకసారి నిండాలిరా నాన్నా. ఈ ఏడాది మన పెరడు ఎప్పుడు నిండింది, ఇప్పుడు నిండుకోవడానికి?"

అతను తలొంచుకున్నాడు.

మామ్మ లేచింది. కొంగు బిగించి, వెనక తలుపు తీసి, పెరట్లోకి దిగింది. మడులు బోసిగా ఉన్నాయి. కంచె వారన పన్నెండు అరటి చెట్లు గాలికి ఒరిగి నేల మీద పడి ఉన్నాయి. కొబ్బరికాయలు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. దక్షిణపు మూల కంద మొక్కలు కనిపించాయి, గాలికి చాపలా పరుచుకుపోయి. వాటిని ఎవరూ అడగలేదు, ఎవరూ పెట్టమనలేదు. పాలికాపు వైశాఖంలో అలవాటు కొద్దీ పెట్టిన దుంపలవి.

"తవ్వు" అంది మామ్మ.

పాలికాపు గునపం తెచ్చాడు. తడి నేలలోంచి కందదుంపలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. ఒక్కోటీ రెండు చేతులా ఎత్తాల్సినంత. మనవడు పంచె ఎగ్గట్టి పడిపోయిన అరటి చెట్లను కొట్టాడు. గెలల్లోంచి పచ్చికాయలు, కొసన వేలాడే అరటిపువ్వులు, బోదెలు చీలిస్తే లోపల తెల్లటి దూట. దూటను చక్రాలుగా తరుగుతూ, సాగే నారను వేలికి చుట్టి తీసెయ్యడం మామ్మ దగ్గర కూర్చుని ఆ పూటే నేర్చుకున్నాడు. మామ్మ అటకెక్కించి ఉంచిన జాడీలు దించింది. నిరుటి మాగాయ, రెండేళ్ళ ఉసిరికాయ తొక్కు. పురిలో పాత ధాన్యం ఉంది. కరెంటు లేదు గనుక రోకళ్ళు బయటికి తీశారు. బస్సులో వచ్చిన ఆడవాళ్ళు నలుగురు లేచి దంపుడుకు చెయ్యి వేశారు.

సాయంత్రం నాలుగింటికి మండువాలో నలభై మంది కింద కూర్చున్నారు. అరటాకులన్నీ గాలికి చీలికలై ఉంటే రెండేసి ముక్కలు అంచు మీద అంచు వేసి విస్తరి చేశారు. దంపుడు బియ్యపు అన్నం. కంద పులుసు. ఆవ పెట్టిన దూట కూర. అరటిపువ్వు పెసరపప్పు. కొబ్బరి పచ్చడి. మాగాయ. పలచటి మజ్జిగ.

ముప్పై ఆరు విస్తళ్ళకు దూట కూర సరిపోయింది. ముప్పై ఏడో విస్తరి దగ్గర గిన్నె అడుగు గరిటెకు తగిలింది. వడ్డిస్తున్నది మనవడు. అతను ఆగి, వెనక్కి తిరిగి మామ్మ వంక చూశాడు. మామ్మ తలాడించింది.

అతను వంగి, విస్తరి ముందున్న పెద్దాయనతో, "కూర నిండుకుందండి. కంద పులుసుంది, పచ్చడుంది. కడుపునిండా తినండి" అన్నాడు.

"అలాగే బాబూ" అన్నాడాయన, అన్నంలో పులుసు కలుపుకుంటూ.

అంతే. ఆ ముఖం ముడుచుకోలేదు. ఏడాదిగా అతను భయపడ్డ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది, అంత తేలిగ్గా అవతలివాళ్ళకు అందింది.

తుపాను వెళ్ళిన వారానికి రోడ్డు బాగైంది. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను వెనక సందులోకి వచ్చి హారన్ కొట్టింది. కుర్రవాడు బయటికి వెళ్ళి, డ్రైవరుకు బాకీ మొత్తం లెక్కగట్టి ఇచ్చి, ఇక రావద్దని చెప్పి పంపించాడు. తెల్లారాక పాలికాపు ఇంటికి వెళ్ళి, అతని అరుగు మీద కూర్చుని, "తాతా, మాఘానికి ఏమొస్తుంది? చైత్రానికి ఏమొస్తుంది? నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అన్నాడు. పెరట్లో పండింది పండినట్టు తీసుకుంటానని, ఎక్కువ పండినా వెనక్కి పంపనని మాట ఇచ్చాడు. ఆ ఊళ్ళోనే మరో ఇద్దరు కౌలురైతులతో అదే మాట చెప్పుకున్నాడు. చెరువు కౌలు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నలభై రెండు రకాల పట్టీ తీసేశాడు. దాని చోట అరుగు మీద ఒక పెద్ద నల్లపలక పెట్టాడు. రోజూ పొద్దున్న గంప లోపలికి వచ్చాకే సుద్దముక్క చేతికి తీసుకునేవాడు. ఆరో ఏడో పేర్లు, అంతే. నలభై విస్తళ్ళకు మించి వండేవాడు కాదు. ఒక్కో వంటకం అయిపోగానే దాని పక్కన సుద్దతో "నిండుకుంది" అని రాసేవాడు. సొరకాయలు విరగకాసినప్పుడు పలక నిండా సొరకాయే ఉండేది. పప్పులో సొరకాయ, పులుసులో సొరకాయ, సొరకాయ పెరుగుపచ్చడి, సొరకాయ హల్వా. అడగని సొరకాయను అడిగించుకునేలా వండడమే వంటవాడి పని అని అతనికి అప్పుడు తెలిసింది.

కొందరు కోపగించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఒకాయన వైశాఖంలో వచ్చి గుత్తివంకాయకు ఎంతైనా ఇస్తానన్నాడు. "కార్తీకం వెళ్ళాక రండి, లేత వంకాయలుంటాయి" అన్నాడు కుర్రవాడు. ఆయన విసుక్కుంటూ వెళ్ళాడు. మార్గశిరంలో వచ్చాడు. ఇంటిల్లిపాదితో వచ్చాడు.

ఆ కుర్రవాడు లక్షలు గడించలేదు. అప్పు తీరడానికి అనుకున్నదాని కంటే రెండేళ్ళు ఎక్కువ పట్టింది. కానీ ఆ వంటింటి వెనక తలుపు మళ్ళీ మూతపడలేదు.

*

నీతి

నిండనిది నిండుకోదు. తన దగ్గర ఏది అయిపోయిందో చెప్పగలిగిన వంటిల్లే, తన దగ్గర ఏది ఉందో నిజంగా చెప్పగలుగుతుంది.

మన పెద్దలు "లేదు" అనడానికి ఇష్టపడక "నిండుకుంది" అన్నారు. అశుభం పలకకూడదన్న జాగ్రత్తే దానికి కారణమని చెప్పుకుంటాం. ఆ కారణం నిజమే. కానీ ఆ మాటలో దానికి మించినది ఒకటుంది. ఒక గాదె, ఒక కుండ, ఒక పెరడు ముందు నిండింది, తర్వాత పదిమందికి పంచింది, ఆ పంచడంతో దాని పని పూర్తయింది అన్న లెక్క ఆ మాటలో ఉంది. ఏడాది పొడుగునా ఏదీ తరగని చోట ఏదీ నిండి కూడా ఉండదు. అక్కడ ఉండేది సరఫరా మాత్రమే.

ఈ విలువ మనకు కొత్తగా ఎవరూ నేర్పాల్సింది కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్ళకు కట్టే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ భోజనం ఉంది. ఒక్క రూకకు మేలైన బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, నెయ్యి, పెరుగు. నెయ్యి కొత్తగా కాచినదనీ, పెరుగు గడ్డకట్టినదనీ కవి విడిగా పట్టి చెప్పాడు. ఎన్ని రకాలున్నా, వాటి తాజాతనాన్ని బట్టే పూటకూళ్ళ ఇంటికి పేరని ఆనాటికే తెలుసు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ ఎక్కడ సత్రం ఉందో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ దొరకదో రాసుకుంటూ వెళ్ళారు. దొరకనిచోట దొరకదని రాయడం ఆ తర్వాత వచ్చే బాటసారికి చేసిన మేలు.

అదే గోదావరి సీమలో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవాళ్ళకు కూడా అన్నం పెట్టారు. ఆమె 1909లో కన్నుమూశారు. ఆమె పెట్టింది దానం, పూటకూళ్ళ ఇల్లు పెట్టేది అమ్మకం. రెండింటికీ తేడా ఉంది. కానీ ఆమె అడుగుపెట్టింది ఒక రైతు ఇంట్లో. వెనక పొలం లేకుండా ముందు అరుగు మీద విస్తరి పడదన్నది దానానికీ అమ్మకానికీ కూడా వర్తించే సత్యం.

ఇవాళ పట్నాల్లో "ఫార్మ్ టు టేబుల్" అని ఇంగ్లీషులో రాస్తున్న బోర్డులకు కూడా మూలం ఇలాంటి పట్టుదలే. అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, 1971లో ఆలిస్ వాటర్స్ షే పనీస్ అనే భోజనశాల తెరిచినప్పుడు అక్కడ రోజుకు ఒకే భోజనం పెట్టారు. అది రోజూ మారేది. నచ్చింది ఎంచుకోవడానికి పెద్ద పట్టీ లేదు. ఆ రోజుకు మంచిగా దొరికినదాన్ని బట్టి వంట. ఆ ఉద్యమం అక్కడి నుంచి లోకమంతా పాకింది. పాకే కొద్దీ బోర్డు మిగిలి, పట్టుదల జారిపోయిన చోట్లు కూడా పెరిగాయి.

ఎందుకు జారిపోతుందో ఈ కథలో ఉంది. అందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ముఖం ముడుచుకున్న అతిథికి భయపడిన ఒక మంచి కుర్రవాడే ఉన్నాడు. అతను చేసిన తప్పు బజారు వంకాయ కొనడం కాదు. బజారు వంకాయ తినడం పాపమేమీ కాదు, మనమందరం తింటున్నాం. బోర్డు ఒకటి చెబుతుండగా విస్తట్లో మరొకటి పెట్టడం తప్పు. ఆ తప్పుకు మొదట దెబ్బతిన్నది అతిథి కూడా కాదు. గంప మోసిన మనిషి. తొమ్మిది సొరకాయల్లో ఏడు వెనక్కి పంపిన రోజునే ఆ పెరడు ఎండడం మొదలైంది. పెరడు ఎండితే చెరువు వస్తుంది. చెరువు వచ్చాక ఆ నేలను మళ్ళీ వరికీ పాదులకీ తేవడం ఎంత కష్టమో గోదావరి జిల్లాల రైతును అడిగితే చెబుతాడు.

పంట మన కోరికను బట్టి రాదు, ఋతువును బట్టి వస్తుంది. వస్తే ఒక్కసారిగా వస్తుంది, పోతే మొత్తంగా పోతుంది. ఆ హెచ్చుతగ్గుల బరువు ఎవరో ఒకరు మొయ్యాలి. ఇప్పటిదాకా దాన్ని రైతు ఒక్కడే మోస్తున్నాడు. ఎక్కువ పండితే ధర పడిపోయి మోస్తున్నాడు, తక్కువ పండితే అప్పుపడి మోస్తున్నాడు. నల్లపలక మీద "నిండుకుంది" అని రాసినప్పుడు వంటవాడు ఆ బరువులో కొంత తన భుజం మీదికి తీసుకున్నాడు. "అలాగే బాబూ" అని పులుసు కలుపుకున్న పెద్దాయన మరికొంత తీసుకున్నాడు. ముగ్గురూ కలిసి మోస్తే ఆ పెరడు బతుకుతుంది.

ఇప్పుడు మన ఊళ్ళల్లో పాత మండువా లోగిళ్ళకు, పాత సత్రాలకు మళ్ళీ రంగులు పడుతున్నాయి. వాటిలో పొయ్యిలు వెలుగుతున్నాయి. అది సంతోషించాల్సిన విషయం. అలాంటి చోటికి మీరు వెళ్ళినప్పుడు ఏమేమున్నాయని అడగకండి. ఇవాళ ఏం నిండుకుందని అడగండి. ఏదో ఒక పేరు చెబితే, ఉన్నది తృప్తిగా తినండి, పండించిన చేతికి మనసులో దండం పెట్టుకోండి. మా దగ్గర ఏదీ ఎప్పుడూ నిండుకోదని చెబితే మాత్రం, గుమ్మం మీద ఏం రాసి ఉన్నా నమ్మకండి.